గొంగడి ముక్కలో వేడి ఇటుక

కాపడం పెడితే నొప్పి తగ్గుతుంది. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. తగ్గకపోయి ఉంటే నాలుగు రోజులు చూసి మానేసేవాళ్లం, ఈ రాత రాసే పని నాకు పడేది కాదు. తగ్గింది. తగ్గింది కనుకే ఏళ్ల తరబడి పెట్టుకున్నాను.

మగవాడి కాలు విరిగితే ఊరంతా వచ్చి చూసి పోతుంది. కన్ను పోతే అయ్యో అంటారు. అదే వృషణాల దగ్గర నొప్పి అంటే ముందు నవ్వుతారు, తర్వాత ఎవరి దగ్గరికి పోయొచ్చావని అడుగుతారు. అందుకని ఆ నొప్పి ఉన్నవాడు ధోతి సర్దుకుని ఏమీ లేనట్టు తిరుగుతాడు. నేనూ తిరిగాను. ఇప్పుడు నొప్పి పోయింది, దాంతోపాటు సిగ్గూ పోయింది. మిగిలింది కోపం ఒక్కటే. ఆ కోపంతోనే రాస్తున్నాను. చదివి మొహం చిట్లించేవాళ్లు చిట్లించుకోవచ్చు.

మేము కురుమలం. మా ఊరు కల్వకుర్తికీ దేవరకొండకూ నడుమ, రాళ్ల గుట్టల మధ్య ఉంటుంది. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో బాపు, నేను, దొడ్డి నిండా గొర్లు. పంతొమ్మిది వందల యాభై ఐదులో తిరుమలగిరి వైపు నుంచి నర్సమ్మను చేసుకున్నాను. మనిషి సన్నం, మాట గట్టి.

నొప్పి మొదలైంది మరుసటేడు ఎండాకాలంలో. గడ్డి ఎండిపోగానే మందను కృష్ణ వైపు తోలుకుపోవడం మాకు ఏటా ఉన్నదే. పొద్దంతా నడవడం, లేకుంటే కర్ర మీద ఒరిగి నిలబడటం. ఆ ఏడు పొద్దు వాలేసరికి ఎడమ వైపు బరువు మొదలయ్యేది. పోటు కాదు, మంట కాదు. చిన్న రాయిని గుడ్డలో కట్టి వేలాడదీసినట్టు ఒక లాగుడు. గజ్జల్లోంచి నడుము దాకా పాకేది. పడుకుంటే సర్దుకునేది, లేచి నిలబడితే మళ్లీ వచ్చేది. చేత్తో తడిమితే లోపల వానపాములు చుట్టుకున్నట్టు మెత్తగా తగిలాయి. మొదటిసారి అట్లా తగిలినప్పుడు నాకు ఒళ్లంతా చెమట పట్టింది.

బాపుకు నేను చెప్పలేదు, ఆయనే పట్టుకున్నాడు. మందలో ఏ గొర్రె కాలు ఎత్తి వేస్తుందో దూరం నుంచే చెప్పే మనిషి, కొడుకు నడక మారితే చూడకుండా ఉంటాడా? ఒక సాయంత్రం మంద అవతలికి పిలిచాడు.

“ఏమైందిరా? కాళ్లు ఎడం జేసి నడుస్తున్నవ్.”

“ఏం లేదు బాపు.”

“ఏం లేకుంటే గట్లెందుకు నడుస్తవ్? నాకు గాక ఎవలికి చెప్తవ్? చెప్పు.”

చెప్పాను. ఆయన చూశాడు, తడిమాడు. తర్వాత తేల్చేశాడు. “గిది బుడ్డ గాదు. బుడ్డయితే నీళ్లుంటయి. నరాలకు సలి వట్టింది. ఏటి ఒడ్డున తడి నేల మీద పండుకుంటివి గద, గా సలే గిది. కాపడం పెడితే దిగుతది. ఫికర్ జెయ్యకు.”

మా బాపు వైద్యమంతా గొర్రెల దగ్గర నేర్చుకున్నదే. ఈనిన గొర్రెకు పొదుగు గట్టిపడితే ఇటుకను నిప్పుల్లో కాల్చి, పాత గొంగడి ముక్కలో చుట్టి పొదుగుకు ఆనిస్తాడు. గట్టిదనం పోయి పాలు దిగుతాయి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి గొర్రెకు ఏమొచ్చినా ఆయన్నే పిలిచేవారు. అదే చేత్తో నాకూ ఇటుక కాల్చాడు.

ఆ వెచ్చదనం తగలగానే నా కళ్లు మూతలు పడ్డాయి. పొద్దుటి నుంచి బిగపట్టుకున్న ఒళ్లు వదులైంది. లాగుడు మెల్లమెల్లగా సర్దుకుంది. బాపు నా మొహం చూసి, “చెప్పిన గద” అని నవ్వాడు. ఆయన మీద ఆ సాయంత్రం ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. ఆ సుఖంలో సగం వెన్ను వాల్చి పడుకోవడం వల్ల వచ్చిందనీ, ఇటుక లేకుండా పడుకున్నా అంత సర్దుకునేదేననీ చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

వానలు పడి ఇంటికి తిరిగొచ్చాక ఆ పని నర్సమ్మ చేతికి వచ్చింది. సాయంత్రం నేను మందను దొడ్డికి తోలేసరికి పొయ్యిలో ఇటుక సిద్ధంగా ఉండేది. జొన్నరొట్టెలు కాలుస్తూనే దాన్ని అటూ ఇటూ తిప్పేది. తీసి గొంగడి ముక్కలో చుట్టి ముందు తన మోచేతి కింద ఆనించుకుని చూసేది. “జర ఆగు, ఇంక సల్లారాలె” అనేది. ఒకసారి ఆమె లేనప్పుడు నేనే తొందరపడి పెట్టుకుంటే చర్మం బొబ్బలెక్కింది. వెన్న రాస్తూ తిట్టింది. “చేతగాని పనులు నీకెందుకు? నేను సచ్చిన్నా?” ఆ తర్వాత ఎక్కడ కూలికి పోయినా పొద్దు గూకే లోపల ఇల్లు చేరుకునేది.

యాభై ఎనిమిది వచ్చేసరికి ఒక పూట చాలలేదు. పొద్దున కూడా మొదలుపెట్టాం. ఆముదపాకులు వెచ్చజేసి కట్టాం. ఇసుక మూట, ఉప్పు మూట, అన్నీ అయ్యాయి. పెట్టినంతసేపు హాయి, తీసిన కొంతసేపటికి ముందుకన్నా బరువు. బరువు పెరిగిందంటే సలి ముదిరిందని బాపు లెక్క. సలి ముదిరిందంటే ఇంకా వేడి పెట్టాలి. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో మా ముగ్గురిలో ఎవరికీ కనబడలేదు.

పిల్లలు కాలేదు. ఊళ్లో ఆ మాట మొదట నవ్వుతూ అన్నారు, తర్వాత నవ్వు మానేసి అన్నారు. ఒక పెండ్లిలో నర్సమ్మ పసుపు గిన్నె అందుకోబోతే ఎవరో దాన్ని పక్కకు జరిపారు. పురిటింటి ముందు నుంచి పోతుంటే తలుపు దగ్గరికి వేశారు. ఆమె ఇంటికొచ్చి చెప్పేది కాదు. పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో అవసరానికి మించి ఊదేది. పక్కింటివాళ్లు చెబితేనే నాకు తెలిసేది.

బాపు మాత్రం అరుగు మీద కూర్చుని ఆమెకు వినబడేట్టే అనేవాడు.

“గొడ్డు గొర్రెనైతే అమ్ముతం. మనిషాయె, అమ్మరాదు. ఉండనీ ఒక మూలకు. ఇంకో పిల్లను తెస్త.”

ఆ మాట వింటూనే ఇటుక తిప్పేది. తీసి, చుట్టి, మోచేతికి ఆనించి చూసుకుని నా దగ్గరికి తెచ్చిచ్చేది. నేను బాపును నోరు ముయ్యమన్న రోజులున్నాయి. అన్నం కంచం వాకిట్లోకి విసిరిన రోజూ ఉంది. ఆయన ఆగలేదు. అచ్చంపేట వైపు సంబంధం చూశాడు, పంట ఇంటికొచ్చాక మనువు అన్నాడు. ఆ పిల్లను నేను కళ్లతో చూసింది లేదు.

“నేను ఒప్పుకోను” అన్నాను నర్సమ్మతో.

“నువ్వు ఒప్పుకోకుంటే నన్ను మా అవ్వగారింటికి తోలిచ్చి నిన్ను ఒప్పిస్తడు. ఒప్పుకుంటే నేను నడిమింట్ల పండుకోవాలెనా, గొర్లదొడ్డి పక్కన పండుకోవాలెనా? గది అడుగు మీ బాపును.”

ఆ మాట బాపును నేను అడగలేదు. ఏ మాట చెప్పినా ఆమె ఈ ఇంట్లో ఉండాలంటే కడుపు పండాలి. అంతకుమించి దారి కనబడలేదు.

అరవై ఒకటిలో ఒకనాడు మంద వెనక నడుస్తూ నడుస్తూ కూలబడిపోయాను. లేవడానికి కాళ్లున్నాయి కానీ లేస్తే ఆ బరువు మోయలేను. నేను తుమ్మచెట్టు కింద పడి ఉండగానే గొర్లు పక్కవాళ్ల జొన్నచేన్లో పడ్డాయి. చేను ఆసామి తిట్టుకుంటూ వచ్చి నన్ను చూసి, తాగి పడ్డానని ఊళ్లో చెప్పాడు. ఆ సాయంత్రం నర్సమ్మ ఇటుకను పొయ్యిలో పెట్టలేదు.

“ఇంకెంత కాల్చాలె గీ ఇటుకను? పొయ్యి సుత అలిసిపోయింది. పాలమూరు దవాఖానకు పోదాం నడువు.”

బాపు అరుగు మీది నుంచే అరిచాడు. “దవాఖానల కోస్తరు. కోస్తే మొగోడు మొగోడు గాడు. చెప్తున్న ఇను.”

ఆమె రొట్టెలు మూటగట్టుకుంది.

పాలమూరు బస్సులో కూర్చునే జాగా దొరకలేదు. దవాఖాన చేరేసరికి నా మొహం ఎట్లుందో గానీ నర్సమ్మ నా చెయ్యి వదలలేదు. ఆడవాళ్ల వైపు ఒక వరండా, మగవాళ్ల వైపు ఒక వరండా. ఆమె అటు పోయింది. దవాఖాన వరండాలో కూర్చున్నవాళ్లకు పక్కవాడి రోగం తెలుసుకోవడం తప్ప పని ఉండదు. నన్నూ అడిగారు. కడుపునొప్పి అని చెప్పాను. ఒకాయన వాము తినమన్నాడు, ఇంకొకాయన తన కడుపునొప్పి కథంతా చెప్పాడు. బల్ల మీద జాగా లేదు. గోడకు ఆనుకుని ఒంటికాలి మీద బరువు మార్చుకుంటూ నిలబడ్డాను.

దగ్గు రోగంతో ఉన్న మొగుణ్ని పట్టుకుని ఒక ముసలామె మగవాళ్ల వైపే కూర్చుని ఉంది. నన్ను చాలాసేపు చూసినట్టుంది. తన చాప గోడ వారకు జరిపింది. “కొడుకా, జర ఒరుగు. మా ముసలాయనకు పండుకుంటే దగ్గు లేస్తది, చాప ఊకెనే ఉన్నది” అంది. ఎక్కడ నొప్పి అని అడగలేదు. ఆ వరండాలో ఆ ప్రశ్న అడగని మనిషి ఆమె ఒక్కతే. ఆ చాప మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ, నాకు తెలియకుండానే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

తర్వాత లోపలి నుంచి ఒకతను వచ్చి గట్టిగా పిలిచాడు. “బీరయ్య ఎవరు? బుడ్డ నొప్పి బీరయ్య!” వరండా అంతా తిరిగి చూసింది. వాము తినమన్నాయన కూడా.

డాక్టరు కోస్తా వైపు మనిషి. నిలబెట్టి చూశాడు, దగ్గమన్నాడు, పడుకోబెట్టి చూశాడు. ఇంతకాలం ఏం చేశావని అడిగాడు. కాపడం సంగతి చెప్పాను. ఏదో మంచి పని చేసినట్టే చెప్పాను, ఇటుక, ఇసుక, ఆముదపాకు, ఒక్కటీ వదలకుండా.

“రోజూ పెడతావా?”

“రెండు పూటల పెడ్తున్న సారూ.”

ఆయన చేతులు కడుక్కుంటున్నవాడు ఆగి నా వైపు తిరిగాడు. “పిల్లలున్నారా?”

లేరన్నాను. ఆయన ఇంకో పరీక్ష చేయాలన్నాడు. ఆ పరీక్ష ఎట్లాంటిదో ఇక్కడ రాయను. గొర్లు కాసుకునేవాడికి అంతకన్నా సిగ్గుపడే పని ఉండదు. మరునాడు ఆయన తలుపు దగ్గరికి వేయించి చెప్పాడు.

“ఇవి ఉబ్బిన నరాలయ్యా. రక్తం పైకి పోకుండా అక్కడే నిలిచిపోతోంది. అందుకే బరువు. నిలిచిన రక్తంతో అక్కడ ముందే వేడి ఎక్కువ, దాని మీద నువ్వు ఇటుక పెట్టావు. మగవాడి బీజం వేడికి బతకదు. అందుకే అవి ఒంటి బయట చల్లగా వేలాడతాయి. నీ పరీక్షలో ఉన్నవే తక్కువ, ఉన్నవాటిలో కదలిక లేదు.”

“కాపడం మూలానేనా సారూ?”

“రోగం ఎంత చేసిందో, కాపడం ఎంత చేసిందో నేను తేల్చలేను. రెండూ చేశాయి. కోస్తే నొప్పి పోతుంది. పిల్లల సంగతి మాటివ్వలేను.”

“మరి నా పెండ్లాం?”

“ఆమెను చూడకుండా ఆమె సంగతి నేనెట్లా చెప్పను? నీలో లోపం ఉందన్నది మాత్రం ఖాయం. కావాలంటే ఆమెను పిలువు, ఆమెకూ చెబుతాను.”

పిలిచాను. నర్సమ్మ కొంగు తల మీదికి లాక్కుని నిలబడి మొత్తం విన్నది. బయటికి వచ్చాక వేపచెట్టు కింద కూర్చున్నాం. చాలాసేపు తన చేతులు చూసుకుంది. ఇటుక తీసీ తీసీ వేళ్ల కొసలు గట్టిపడి నల్లబడి ఉండేవి.

“నా చేతులతోనేనా?” అంది.

“నీ తప్పేముంది? నేనే పెట్టమన్న.”

“అందరు నన్ను గొడ్రాలు అంటాంటె, ఒర్సుకుంట ఒర్సుకుంట నేనే గీ పని చేసిన్నా?” అని నవ్వింది. ఆ నవ్వు ఆగకుండా ఏడుపైంది. నాకు దేవుడి మీద కోపం వచ్చింది, బాపు మీద వచ్చింది, అంత హాయినిచ్చిన ఆ వేడి మీద అన్నింటికన్నా ఎక్కువ వచ్చింది.

కోయించుకోవడానికి ఒప్పుకున్నాను. కోతకు ముందు రోజు దవాఖాన మంచం మీద పడుకుని ఉండగా ఇంకో సంగతి తట్టింది. అది తట్టకుండా ఉన్నా బాగుండేది. గొర్లను చూలు కట్టించడం కోసం మేము ఎప్పుడూ ఒక మంచి పొట్టేలును విడిగా ఉంచుతాం. తొలకరికి ముందు, ఎండలు మండుతున్నప్పుడు, బాపు దాన్ని మందతో తిప్పనిచ్చేవాడు కాదు. వేపచెట్టు నీడకు కట్టేసేవాడు. కింద నేల మీద నీళ్లు చల్లేవాడు. ఉన్ని కత్తెరతో దాని వెనక కాళ్ల మధ్య బొచ్చు తీసేసేవాడు. “ఎండల తిప్పితే వీని గింజ ఉడుకుతది, చూలు నిలవదు” అని నాకు నేర్పింది ఆయనే. కడవతో నీళ్లు మోసి ఆ నేల తడిపింది నేనే. అంటే మా ఇంట్లో వేపచెట్టు కింద పొట్టేలు చల్లగా పడుకునేది, లోపల నేను ఇటుక పెట్టుకుని పడుకునేవాణ్ని.

కోశారు. మానింది. వరండాలో చాప ఇచ్చిన ముసలామె మొగుణ్ని కూడా అక్కడే ఉంచుకున్నారు. ఆమె రోజూ ఒకసారి వచ్చి, “లేస్తున్నవా కొడుకా?” అని అడిగి పోయేది. ఒకరోజు రాలేదు. ముసలాయన పోయాడనీ, ఎడ్లబండి మాట్లాడుకుని తీసుకుపోయారనీ నర్సమ్మ చెప్పింది. ఆమె పేరు మేము అడగలేదు.

ఇంటికి చేరిన రోజే బాపును అడిగాను.

“పొట్టేలు గింజ ఉడుకుతదని నీకు తెలుసు. నా సంగతి ఎందుకు తట్టలే బాపు?”

“పొట్టేలు పశువురా. మనిషికి, పశువుకు ఒక్కటే లెక్కనా?”

గొర్రె పొదుగుకు పెట్టిన ఇటుకనే నాకు పెట్టిన మనిషి అన్న మాట ఇది. నేను అరిచాను. ఏమేం అన్నానో నాకే గుర్తులేదు. ఆయన గొంగడి దులుపుకుని లేచి, వాకిట్లో చేరినవాళ్లందరికీ వినబడేట్టు చెప్పాడు. “ముందే చెప్పిన, ఇనలే. కత్తి వెట్టిచ్చుకున్నడు. ఇంక పిల్లలేడికెళ్లి వస్తరు?”

ఊరికి అదే నచ్చింది. కత్తి కంటికి కనబడేది, కోత మచ్చ కనబడేది. వేడి ఎవరికి కనబడుతుంది? పాలమూరు పోయి కోయించుకుని బీరయ్య గొడ్డుపోయాడన్నారు. కోతకు ముందు ఆరేండ్లు పిల్లలు లేరు కదరా అంటే ఆ లెక్క ఎవరికీ అక్కర్లేదు. అచ్చంపేట సంబంధం దానంతటదే తప్పిపోయింది. కోయించుకున్నవాడికి పిల్లనెవరిస్తారు? నర్సమ్మను చూసి ఆడవాళ్లు, “పాపం, మొగడు చెడిపోతె ఆమె ఏం జేస్తది” అనడం మొదలుపెట్టారు. ఆ ఏడు ఒక పెండ్లిలో పసుపు గిన్నె ఆమె చేతికిచ్చారు. ఆ మాట చెప్పడానికి ఇంటికి పరుగెత్తుకొచ్చింది. నిజం చేయలేని పని అబద్ధం చేసిపెట్టింది.

నేను మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని, కత్తి కాదు, కాపడం అని. “కత్తి గాదంటవా? మరైతే నర్సమ్మనేనా?” అని అడిగేవారు. ఎన్నిసార్లు చెప్పినా అక్కడికే వచ్చి ఆగేది. అందుకని చెప్పడం మానేశాను. ఆమె ఇంట్లో ఆమె నిమ్మళంగా ఉంది. నాకు అంతకన్నా ఏం కావాలి?

అరవై ఆరులో మా చిన్నమ్మ కొడుకు మైసయ్యకు అదే నొప్పి మొదలైంది. పెండ్లయి ఏడాది కూడా కాలేదు. అతను కాళ్లు ఎడం జేసి నడవడం చూసిన రోజే నాకు అర్థమైంది. ఇంటికి పోయేసరికి చిన్నమ్మ పొయ్యిలో ఇటుక ఉంది. ఎవరు చెప్పారని అడగాల్సిన పని లేదు. బాపు ఇంకా వైద్యం మానలేదు.

“చిన్నమ్మా, కాపడం పెట్టకు. ఒరిగి పండుకోమను, లంగోటి గట్టిగ కట్టుకోమను, రేపే పాలమూరు తోలియ్యి. వేడి తగిలితే నా లెక్కనే అయితడు.”

చిన్నమ్మ నన్ను జాలిగా చూసింది. “నీ లెక్క గావద్దనే కొడుకా, దవాఖానకు తోలిస్తలేను.”

ఎవరినైనా కాపాడాలంటే నన్నే చూపించాలి. నన్ను చూపిస్తే వాళ్లు దవాఖానకు దూరంగా పరుగెత్తుతారు. ఇంటికొచ్చి నర్సమ్మకు చెప్పాను. ఆమె విని లేచింది.

“ఏడికి?”

“అత్త ఇంటికి.”

“పోకు. నువ్వు ఏమన్నా మల్ల నీ మీదికే తిరుగుతది. ఇన్నేండ్లకు జర నిమ్మళమైనవ్.”

“ఆ పిల్లకు ఇరవై ఏండ్లు సుత లేవు” అంది, మైసయ్య పెండ్లాన్ని గురించి. అని వెళ్లిపోయింది. నేను వెనకే పోయాను.

చిన్నమ్మ పొయ్యి ముందు ఉంది. కొత్త కోడలు పక్కనే గొంగడి ముక్క పట్టుకుని కూర్చుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వాకిట్లో ఉన్నారు. నర్సమ్మ తన రెండు చేతులూ చిన్నమ్మ ముందు చాపింది.

“అత్తా, నా మొగన్ని కత్తి చెడగొట్టలే. నేను చెడగొట్టిన. గీ చేతులతోని. నొప్పి తగ్గుతాందని పొద్దుమాపు పెట్టిన. డాక్టరు ముంగట నిలవడి ఇన్న. నేను కాల్చిన మొగన్ని, నేనే గొడ్రాలు అనిపించుకున్న. రేపు నీ కోడలు సుత గిట్లనే అనిపించుకుంటది. తియ్యి గిది.”

అని పట్టుకారుతో ఇటుకను బయటికి లాగి చెంబుతో నీళ్లు పోసింది. డాక్టరు చెప్పాడని నేనంటే నమ్మని చిన్నమ్మ, అప్పుడు నమ్మింది. ఏ ఆడదీ తన మీద తనే అంత నింద వేసుకోదు కదా!

మైసయ్యను నేనే పాలమూరు తీసుకుపోయాను. కోశారు, మానింది. మరుసటేడు కొడుకు పుట్టాడు.

మా ఊరు కూడా నమ్మింది, తనకు కావాల్సినంత మేరకు. నర్సమ్మ మొగన్ని కాల్చుకుందన్నారు. పొయ్యి దగ్గరికి రానిస్తే ఇంకేం కాలుస్తుందో అన్నారు. పసుపు గిన్నె మళ్లీ పక్కకు జరిగింది. బాపు అరుగు మీద కూర్చుని చెప్పేవాడు, “నేను చెప్పింది గోరువెచ్చగ పెట్టమని. గీమె మండబెట్టి పెట్టింది. నేనేం జేద్దును?” కిందటేడు ఆయన పోయేదాకా ఆ మాట మార్చలేదు. నేను ఆయన చితికి నిప్పు పెట్టాను. కానీ క్షమించలేదు. చచ్చినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు. ఉంచుకోకుండా ఎట్లా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇది చదివేవాళ్లలో ఆ బరువు మోస్తున్నవాడు ఎవడైనా ఉంటే ఒక్క మాట. వేడి హాయిగా ఉంటుంది, నాకు తెలుసు. వద్దు. వెన్ను వాల్చి పడుకో, బిగువుగా లంగోటి కట్టుకో, సిగ్గు పక్కనబెట్టి డాక్టరు దగ్గరికి పో. నా ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్న ఆడదాన్ని అడిగి చూడు, ఆమె కూడా ఇదే చెబుతుంది.

అరవై ఏడులో, మైసయ్య కొడుకును తొట్టెల్లో వేసే పండుగకు పిలవడానికి చిన్నమ్మ వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు. గొంతు తగ్గించి, “నువ్వు రా కొడుకా. నర్సమ్మ ఇంట్ల ఉండనీ. పసిపోరడు గద, నలుగురు నాలుగు మాటలంటరు. ఏమనుకోకు” అంది. ఎంత తగ్గించినా ఆ మాట లోపలికి వినబడింది, మా ఇల్లు చిన్నది.

“నేను రాను చిన్నమ్మా” అన్నాను. ఇంకా చాలా అనాలనుకున్నాను. ఆమె వెళ్లిపోయింది.

నర్సమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. చిన్నమ్మ పోయిన దారి వైపు చూస్తూ అడిగింది.

“పిలగాడు ఎవరి పోలిక వచ్చిండట?”

“నేను అడగలే.”

“అడగకపోతివి” అంది.